గత ఏడు రోజుల్లో

గత ఏడు రోజుల్లో
కనీసం పది నిమిషాలు ఆగకుండా
ఊపిరి ఎగబోసేంత పని
ఎన్ని రోజులు చేశారు?

ఎనుమాముల మార్కెట్ గేటు కాడ
పత్తి బస్తా దించి నిలబడ్డ ఓదెలును
ముందుగాల ఇదే అడిగిన.
వయసు యాభై ఎనిమిదంట, ఆధార్‌ల అరవై మూడు.
తువ్వాలతో మెడ తుడుచుకుంట
"ఆగకుంట అంటే ఎట్ల బిడ్డా,
లారీ ఆగితేనే గదా మా పని మొదలు" అన్నడు.
చుట్టున్నోళ్లు నవ్విన్రు.
గడిలో ఏడు అని రాసిన.
రోజుకు ఎన్ని గంటలంటే
వేళ్లు మడిచి, విప్పి, మళ్ల మడిచి
తొమ్మిదన్నడు.
వ్యాయామం మీకు సంతోషాన్నిస్తుందా:
చాలా, కొంత, అసలు లేదు?
ఆయన మోకాలు దిక్కు చూసుకున్నడు,
జవాబు అది చెప్పాలె అన్నట్టు.

నయీంనగర్‌ల బడి మూడో అంతస్తు.
పదమూడేండ్ల హర్షిణి
బరువును ఎత్తు వర్గంతో భాగించాలని
ప్రమాణాలతో సహా చెప్పింది.
పీచు పదార్థం, రక్తపోటు, మంచి కొవ్వు, చెడ్డ కొవ్వు
అన్నిటికీ పూర్తి మార్కులు.
ఆటల పీరియడ్ ఉందా?
"బుధవారం ఉంది మేడం, టైంటేబుల్‌ల.
ఆ రోజు లెక్కల సార్ వస్తడు."
ఫారంల లేని ప్రశ్న ఒకటి నోరుజారి అడిగిన,
ఆఖరుసారి ఎప్పుడు ఉరికినవ్?
శానాసేపు ఆలోచించింది.
"వాన పడ్డనాడు. బస్సు కోసం."

ఖిలా వరంగల్‌ల మట్టికోట పక్క సందు.
గట్టవ్వకు డెబ్బై ఒకటి.
ఈ సీసా మీది చీటీ చదివి
రోజుకెన్ని గోలీలో చెప్పండి.
ఆమె సీసా అటుతిప్పి ఇటుతిప్పి నాకే ఇచ్చింది.
తర్వాత లోపలికి పోయి తన డబ్బా తెచ్చింది.
ఇదివరకు పొద్దటిది ఆకుపచ్చ పట్టీ, మాపటిది ఎర్ర పట్టీ.
పోయిన నెల దవాఖానల కంపెనీ మారింది,
రెండూ ఒకే తీరు వెండి రంగు.
నర్సమ్మ చెప్పంగనే
అక్కడనే కొంగు అంచు పీకి
మాపటి పట్టీకి దారం కట్టుకున్నదంట.
"చీకట్ల గూడ దొరుకుతది సూడు" అని
కండ్లు మూసుకొని తీసి చూపించింది.
ఆరోగ్య అవగాహన: సున్నా మార్కులు.
'తక్కువ' కాడ టిక్కు కొట్టి
పెన్ను మూత పెట్టబుద్ధి గాక కూసున్న.

ఇంకొక్కటే ఉంది అవ్వా,
గత రెండు వారాల్లో ఎంత తరచుగా ఉల్లాసంగా ఉన్నారు?
"ఉల్లాసమంటే?"
సంబురం అన్న. కాదనిపించింది.
పాణం తేలికగా ఉండుడు అన్న. అదీ కాదు.
నిమ్మళంగా ఉన్నవా అని అడిగిన.
"అగ్గో, అట్లడుగు!
మొన్న మాపటికి కరెంటు పోయింది.
పక్కింటి తహసీన్ వచ్చి గడప మీద కూసున్నది.
ఇద్దరం ఏం మాట్లాడుకోలే.
అప్పుడుంటి నిమ్మళంగ."
అంచున పెన్సిల్‌తో రాసుకున్న.
అంచులు కంప్యూటర్‌ల ఎక్కవు.

భద్రకాళి చెరువు కట్ట మీద
రిటైరైన బ్యాంకాయన
గడియారం పదివేలు చూపకపోతే
రాత్రి మంచం చుట్టూ తిరుగుతనన్నడు.
ఆయన భార్య నవ్వు ఆపుకోలేక
లోపలికి పోయింది.
ఆయనకు అన్నిట్లో 'చాలా'.

ఆరు వందల ఫారాలు.
నా కుర్చీ, నా నడుము, నా మూడో చాయ.
తెర మీద ఒక గడి ఎర్రబడ్డది.
రోజుకు మూడు గంటలు దాటిన శ్రమను
మూడు కాడికే కత్తిరించాలె, నియమం.
సార్ ఫోన్ల అన్నడు:
"మనుషులు ఎక్కువ చేసి చెప్తరమ్మా."
నేను తొమ్మిది చెరిపి మూడు కొట్టిన.

ఆరు గంటలు,
ఆరు గంటల బస్తాలు,
ఆ రాత్రి యాడ దించిన్రో.

లిఫ్టు పని చేస్తలేదు.
ఫారాల సంచి భుజానేసుకొని నాలుగంతస్తులు ఎక్కిన.
మూడో మలుపు కాడ గోడ పట్టుకున్న,
ఊపిరి ఎగబోస్తున్నది.
గడియారం చూసుకున్న.
పది నిమిషాలు కాలే.
లెక్కకు రాదు.